అమ్మ యెరూషలేము నుంచి తెచ్చిన మట్టి దీపం: దీని మీది అక్షరాలు ఎవరైనా చదవగలరా?

కిరణ్_గుంటూరు
అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే కానీ రాయడం ఇదే మొదటిసారి. పోయిన నెల అమ్మ సంఘం వాళ్లతో కలిసి యెరూషలేము వెళ్లొచ్చింది. పాత నగరంలో ఒక దుకాణంలో చిన్న మట్టి దీపం కొనుక్కుంది. 80 డాలర్లు. 1,500 ఏళ్ల కిందట క్రైస్తవులు వాడినదని చెప్పి, ఒక ప్రింటు కాగితం చేతిలో పెట్టారట.

ఇది మన ప్రమిదలా ఉండదు. పైన మూసి ఉంటుంది. మధ్యలో నూనె పోయడానికి ఒక కన్నం, ముందువైపు వత్తికి ఇంకో చిన్న కన్నం. పై నుంచి చూస్తే పాదం ఆకారంలో కోలగా కనిపిస్తుంది. పొడవు 8 సెంటీమీటర్లు, లేత గోధుమ రంగు. నూనె కన్నం చుట్టూ ఏవో అక్షరాలు, రెండు కన్నాల మధ్య చెట్టుకొమ్మ లాంటి గీతలు ఉన్నాయి. ఫోటోలు పెట్టాను.

అమ్మ క్రిస్మస్‌కి దీన్ని వెలిగిద్దామంటోంది. నిజంగా పాతదైతే పాడవుతుందేమోనని నాకు టెన్షన్. కాకపోతే అమ్మ మోసపోయిందని ఎలా చెప్పాలన్నది ఇంకో బాధ.

నాణేల_బాబాయి
కిరణ్, ముందు రెండు పనులు చెయ్యకు. కడగొద్దు, వెలిగించొద్దు. వత్తి కన్నం అంచు దగ్గర నుంచి ఒక ఫోటో, అడుగు భాగం ఒకటి, నూనె కన్నంలోకి టార్చి వేసి ఒకటి తీసి పెట్టు. నేను నాణేల మనిషినే కానీ దీపాలూ కొంత చూశాను. పాత దీపంలో నేను ముందు చూసేది మసి.

మరియ_థియాలజీ
కిరణ్ గారు, ఫోటోలో అక్షరాలు చాలావరకు తెలుస్తున్నాయి. అది గ్రీకు. సెమినరీలో రెండేళ్లు గ్రీకు చదివాను కాబట్టి ప్రయత్నిస్తాను.

రాత ముక్కు (వత్తి కన్నం ఉన్న కొస) పక్క నుంచి మొదలై నూనె కన్నం చుట్టూ తిరుగుతుంది. పూర్తి వాక్యం "ఫోస్ క్రిస్టూ ఫైనెయ్ పాసిన్" అని ఉండాలి. "క్రీస్తు వెలుగు అందరికీ ప్రకాశిస్తోంది" అని అర్థం. పాలస్తీనాలో, ముఖ్యంగా యెరూషలేము చుట్టుపక్కల, 5 నుంచి 7వ శతాబ్దం దాకా ఈ వాక్యంతో దీపాలు విరివిగా చేశారు. ఫ్రాన్సిస్కన్ పురావస్తు పండితుడు స్తనిస్లావ్ లోఫ్రెద్దా ఇలాంటి గ్రీకు రాతల దీపాలను వరసగా పోగుచేసి ప్రచురించారు.

మీ దీపం మీద "క్రిస్టూ" అని పూర్తిగా లేదు. మొదటి అక్షరం, చివరి అక్షరం మాత్రమే ఉన్నాయి. దేవుని పేర్లను అలా కుదించి రాయడం అప్పటి చేతిరాత గ్రంథాల్లో మామూలే. "ఫైనెయ్" ఉండాల్సిన చోట "ఫేని" అని ఉంది. అది చూసి నకిలీ అనుకోకండి. ఆ కాలానికి ఆ మాటను జనం పలికేది అలాగే. చెవికి వినబడింది రాశారు. అసలైన దీపాల మీదే ఈ "ఫేని" మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. కొన్నిటి మీద అక్షరాలు తిరగబడి ఉంటాయి, కొన్నిటి మీద సగం వాక్యమే ఉంటుంది, ఇంకొన్నిటి మీద గీతలు తప్ప అక్షరాలే ఉండవు. అచ్చు చెక్కినవాళ్లలో చాలామందికి చదువు రాదు. ఆ వాక్యం అక్కడ ఉండాలని మాత్రం వాళ్లకు తెలుసు.

నాకు ఈ దీపాలంటే ఇష్టం పుట్టింది అక్కడే. సంఘ పితరులు, అంటే తొలి శతాబ్దాల పెద్ద గురువులు, రాసిన పుస్తకాలు చదువుతాం. అక్షరం రాని ఒక పనివాడు తన విశ్వాసాన్నో, కొనేవాళ్ల విశ్వాసాన్నో తప్పుల తడకగా మట్టిలో దింపిన వాక్యం పట్టుకోవడం వేరు. ఆర్థొడాక్స్ సంఘాల్లో లెంట్ కాలపు (ఈస్టర్‌కు ముందు ఉపవాస దినాలు) ఒక ఆరాధనలో గురువు కొవ్వొత్తి చేతపట్టి ఇదే వాక్యం ఇవాళ్టికీ పలుకుతారు.

కిరణ్_గుంటూరు
మరియ గారూ, చదివి అమ్మకు వినిపించాను. రెండుసార్లు చెప్పించుకుంది. చాలా థ్యాంక్స్.

బాబాయి గారూ, అడిగిన ఫోటోలు పెట్టాను. మసి ఎక్కడా లేదు.

జాన్_నర్సాపురం
ఒక సందేహం అడుగుతాను, ఎవరూ తప్పుగా అనుకోవద్దు. మా సంఘంలో దీపాలు, బొమ్మలు పెట్టం. అవి తర్వాత అన్యుల నుంచి వచ్చి చేరాయని నేర్చుకున్నాం. మొదటి క్రైస్తవులు నిజంగా బొమ్మలున్న దీపాలు వాడారా? లేక తర్వాతివాళ్లు అలా పేరు పెట్టారా?

మరియ_థియాలజీ
జాన్ అన్నా, మీ ప్రశ్నకు వయసు 1,700 ఏళ్లు. స్పెయిన్‌లో ఎల్విరా అనే చోట క్రీ.శ. 305 ప్రాంతంలో బిషప్పులు సమావేశమై కొన్ని నియమాలు పెట్టారు. పగటిపూట సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించొద్దని 34వ నియమం. ప్రార్థనా మందిరాల్లో చిత్రాలు ఉండకూడదని 36వది. అంటే మీరన్న మాట అన్నవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఆ పని చేస్తున్నవాళ్లూ ఉన్నారు. ఎవరూ చేయని పనికి నిషేధం అక్కర్లేదు కదా.

వందేళ్ల తర్వాత విజిలాంటియస్ అనే గురువు, హతసాక్షుల సమాధుల దగ్గర పట్టపగలు దీపాలేమిటని గట్టిగా అడిగాడు. బైబిల్‌ను లాటిన్‌లోకి తెచ్చిన పండితుడు జెరోము 406లో అతనికి జవాబు రాశాడు, చాలా కోపంగా. తూర్పు సంఘాల్లో సువార్త చదివేటప్పుడు ఎండ కాస్తున్నా దీపాలు వెలిగిస్తారని, అది చీకటి పోగొట్టడానికి కాదు, సంతోషం తెలపడానికని అందులో అన్నాడు.

ఇళ్లలో దీపం మాత్రం ఏ సంఘానికైనా తప్పదు. కరెంటు లేని రోజులు. అసలు ప్రశ్న, దాని మీద ఏ బొమ్మ ఉండాలన్నది.

నాణేల_బాబాయి
బొమ్మల సంగతి నేను కొంచెం చెబుతాను జాన్. 2వ శతాబ్దం చివర అలెగ్జాండ్రియాలో క్లెమెంట్ అనే గురువు క్రైస్తవులకు ముద్ర ఉంగరాల మీద ఏ బొమ్మ చెక్కించుకోవచ్చో రాసిపెట్టాడు. పావురం, చేప, ఓడ, వీణ లాంటి వాద్యం, లంగరు. విగ్రహాల ముఖాలు వద్దు, కత్తి, విల్లు వద్దు, మద్యం గిన్నెలు వద్దు. ఇందులో కొత్తగా కనిపెట్టిన బొమ్మ ఒక్కటీ లేదు, గమనించు. ఇవన్నీ బజార్లో అప్పటికే దొరికేవి. క్రైస్తవుడు వెళ్లి తన మనసుకు తగినది ఏరుకునేవాడు.

దీపాలదీ అదే కథ. 3వ శతాబ్దం మొదట్లో రోము దగ్గర అన్నియుస్ సెరాపిడోరుస్ అనే అతని కార్ఖానా నుంచి గొర్రెను భుజాన మోస్తున్న కాపరి బొమ్మతో దీపాలు వచ్చాయి. అడుగున అతని పేరు ముద్ర ఉంటుంది. అవి క్రైస్తవ దీపాలేనా? గొర్రెను మోసే కాపరి బొమ్మ గ్రీకుల దగ్గర క్రీస్తుకు ఎన్నో వందల ఏళ్ల ముందే ఉంది. పైగా ఆ కార్ఖానాలోనే అన్యదేవతల బొమ్మల దీపాలూ చేశారు. కుండ చేసేవాడు అందరికీ అమ్ముతాడు. ఆ కాపరిలో ఒకరు మంచి పల్లె జీవితాన్ని చూశారు, ఇంకొకరు "నేను మంచి కాపరిని" అని యేసు చెప్పే యోహాను సువార్త పదో అధ్యాయాన్ని చూశారు.

బెర్లిన్‌లో ఒక దీపం ఉంది, "ఫ్లోరెంట్" అని ముద్ర. దాని మీద మాత్రం సందేహానికి చోటు తక్కువ. కాపరితో పాటు యోనా, నోవహు ఓడ, పావురం అన్నీ ఆ అరచేతి మేర మట్టిలోనే ఉన్నాయి. కొన్నవాడు ఏ కథలు విన్నవాడో చెప్పనక్కర్లేదు.

కుమ్మరివీధి_రాజాం
మాది కుమ్మరుల కుటుంబం. తాతగారు సారె మీద చేసేవారు, నాన్న ప్రమిదలకు అచ్చు మొదలుపెట్టారు. ఈ దీపాలు ఎలా చేశారో ఎవరైనా చెబుతారా? ఇలా కోలగా, పైన అక్షరాలతో మూసిన పాత్ర సారె మీద అవదు, అచ్చు రెండు ముక్కలుగా ఉండాలి. ఫోటోలో పక్కన అతుకు గీత కనిపిస్తోంది.

తునిస్_డైరీ
మీరు సరిగ్గా పట్టారు. నేను ట్యునీషియాలో నాలుగేళ్లు ఇంజినీరుగా పనిచేశాను. సెలవు దొరికితే అక్కడి బార్డో మ్యూజియంలోనో, పురాతన నగరం కార్తేజ్ గుట్ట మీదో ఉండేవాణ్ని. ఈ విషయం వస్తే నాకు ఆపుకోవడం కష్టం, కొంచెం పొడుగవుతుంది.

రోమను ప్రపంచంలో 5, 6 శతాబ్దాల్లో అందరూ మెచ్చిన మట్టి దీపాలు ఉత్తర ఆఫ్రికావి, అంటే ఇప్పటి ట్యునీషియావి. నారింజ ఎరుపు రంగు, పైన పలచటి మట్టి పూత, కాస్త మెరుపు. ముందు పనితనం ఉన్నవాడు ఒక మూల నమూనా చేసేవాడు. దాని మీద జిప్సం పోసి పై సగానికి ఒకటి, కింది సగానికి ఒకటి అచ్చులు తీసేవారు. మట్టి పలకను వేళ్లతో అచ్చులోకి నొక్కి, రెండు సగాలూ అతికించి, అతుకు నునుపు చేసి, కన్నాలు పొడిచి, పూతలో ముంచి కాల్చేవారు. లోపల చూస్తే వేలిముద్రలు ఇప్పటికీ ఉంటాయి. బార్డోలో ఒక విరిగిన ముక్క లోపలి వైపు అలాంటి బొటనవేలి నొక్కు చూసి చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

బొమ్మలు నడుమ ఉన్న గుండ్రటి భాగంలో ఉంటాయి, నూనె కన్నాలు బొమ్మకు అటొకటి ఇటొకటి. చుట్టూ అంచున పూలు, హృదయాకారాలు, వలయాలు. కై-రో గుర్తు, అంటే క్రీస్తు అనే గ్రీకు మాటలో మొదటి రెండు అక్షరాలు ఒకదాని మీద ఒకటి వేసినది, లెక్కలేనన్ని సార్లు కనిపిస్తుంది. రత్నాలు పొదిగినట్టున్న సిలువ, చేప, నెమలి, పావురం, ఖర్జూర చెట్టు సరే. కథలు ఇంకా బాగుంటాయి. సింహాల మధ్య చేతులెత్తి ప్రార్థిస్తున్న దానియేలు, అగ్నిగుండంలో షద్రకు, మేషాకు, అబేద్నెగో, ఇస్సాకును బలివ్వబోతున్న అబ్రాహాము. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది కనాను నుంచి ద్రాక్షగెలను కావడి మీద మోసుకొస్తున్న ఇద్దరు వేగులవాళ్లది. గెల వాళ్లంత ఎత్తు ఉంటుంది.

కాలం ఎలా తెలిసిందంటే, కొన్నిటి అంచు మీద నాణెం అచ్చు ఒత్తారు. రెండో థియొడోసియస్ చక్రవర్తి బంగారు నాణెం. ఆయన పాలన 450 దాకా. ఆ దీపం నాణెం కంటే ముందుది కాలేదు కదా. 1972లో జాన్ హేస్ ఈ ఎర్రపూత కుండలన్నిటినీ రకాలుగా విడదీసి పుస్తకం వేశారు. ఇప్పటికీ తవ్వకాల్లో ఆ నంబర్లే వాడతారు.

ఒక బాధాకరమైన సంగతీ చెప్పాలి. కార్తేజ్‌లో దొరికిన కొన్ని దీపాల మీద క్రీస్తు సర్పాన్ని తొక్కుతూ నిలబడితే, ఆయన కాళ్ల కింద యూదుల ఏడు కొమ్మల దీపవృక్షం తలకిందులుగా ఉంటుంది. అదే ప్రాంతంలో అదే ఎర్రమట్టితో నిలువుగా ఉన్న దీపవృక్షం బొమ్మతో దీపాలూ చేశారు, యూదులు కొనుక్కునేవారు. అప్పట్లో అందరూ కలిసిమెలిసి ఉన్నారని చెప్పడానికి నాకు మనసొప్పదు. ఆ తలకిందుల దీపవృక్షాన్ని కావాలనే చెక్కారు.

కుమ్మరివీధి_రాజాం
చాలా బాగా చెప్పారన్నా. నాకు అర్థమైన ఒక విషయం అడుగుతాను. నమూనా పోతే ఏం చేసేవారు? మా ఊళ్లో అయితే బజార్లో బాగా అమ్ముడయ్యే ప్రమిద ఒకటి కొని దాని మీదే అచ్చు తీసేస్తారు. కానీ మట్టి ఆరాక, ఆవంలో కాలాక కుదించుకుపోతుంది, దాదాపు పదో వంతు. అందుకని నకలు ఎప్పుడూ అసలుకంటే చిన్నదే. గీతలూ మొద్దుబారతాయి.

తునిస్_డైరీ
అప్పుడూ సరిగ్గా అదే చేశారు. ఆఫ్రికా దీపాలు ధాన్యం, ఒలీవ నూనె ఓడల్లో మిగతా సరుకుతో పాటు రోముకు, సిసిలీకి వెళ్లేవి. అక్కడి కుమ్మరులు వాటి మీద అచ్చు తీసి స్థానిక మట్టితో చేశారు. నకలుకి నకలు, దానికి మళ్లీ నకలు. ఒకే దానియేలు తరం తరానికి చిన్నవాడై, ముఖం చెరిగిపోయి, చివరకు చేతులెత్తిన ఒక మనిషి ఆకారం మిగులుతుంది.

నాణేల_బాబాయి
కిరణ్ దీపానికి ఇది చాలా ముఖ్యమైన మాట. గుర్తుపెట్టుకోండి.

శాంతి_టెల్అవీవ్
కిరణ్ తమ్ముడూ, నాది కోనసీమ. ఇక్కడ ఒక పెద్దావిడను చూసుకునే పనిలో ఉన్నాను, ఆరేళ్లైంది. సెలవు రోజు యెరూషలేము వెళ్తుంటాను. అమ్మగారికి ఇచ్చిన కాగితం ఫోటో పెడతావా?

ఇక్కడ 1978 నాటి పురావస్తు చట్టం ఉంది. 1700కు ముందు చేసిన వస్తువు ఏదైనా పురావస్తువే. దాన్ని అమ్మాలంటే లైసెన్సు ఉన్న దుకాణమే అమ్మాలి, దేశం దాటించాలంటే పురావస్తు శాఖ ఎగుమతి అనుమతి కావాలి. దుకాణం వాళ్లు సొంతంగా ప్రింటు కొట్టిన కాగితం దానికి సరిపోదు.

కిరణ్_గుంటూరు
అక్కా, పెట్టాను. దాని మీద దుకాణం ముద్ర, "బైజాంటైన్ కాలం" (తూర్పు రోమను సామ్రాజ్యపు రోజులు) అని రాసి ఉంది. ప్రభుత్వం కాగితం ఏదీ లేదు. ఎయిర్‌పోర్టులో కూడా ఎవరూ అడగలేదట.

అయితే ఇది నిజంగా పాతదైతే మేం తప్పు చేసినట్టా? అమ్మకు ఇవేవీ తెలియవు.

శాంతి_టెల్అవీవ్
తెలియక కొన్నదాన్ని ఎవరూ తప్పు పట్టరు తమ్ముడూ. కంగారు పడకు. వచ్చే శుక్రవారం వెళ్తున్నాను, చూసి చెబుతా.

పల్నాడు_లైబ్రరీ
ఈలోగా ఒక చిన్న మాట. ఆ దీపాల మీద క్రైస్తవ గుర్తు ఉంది కాబట్టి చేసింది క్రైస్తవుడే అనుకోవద్దని బాబాయి గారు అన్నారు. దానికి పాలస్తీనాలోనే మంచి ఉదాహరణ ఉంది. 1934లో బేత్ నత్తీఫ్ అనే ఊళ్లో బరమ్‌కీ అనే పురావస్తు అధికారి రెండు నీటి తొట్లు తవ్వితే దీపాలు, రాతి అచ్చులు, మట్టి బొమ్మలు కుప్పగా దొరికాయి. 2020 చివర్లో దగ్గర్లోని బేత్ షెమెష్‌లో అలాంటి దీపాలే వందల కొద్దీ మళ్లీ బయటపడ్డాయి, అచ్చులతో సహా. దీపవృక్షం ఉన్న దీపాలూ, అన్యులు పెట్టుకునే ఆడబొమ్మలూ, గుర్రపు రౌతులూ ఒకే కార్ఖానా సరుకు.

ఈజిప్టులో కప్ప దీపాలు చూడండి. కప్ప అక్కడ పాత కాలం నుంచి పుట్టుకకు, మళ్లీ బతకడానికి గుర్తు. కప్ప రూపంలో ఒక దేవతే ఉండేది. అలాంటి కప్ప దీపం ఒకదాని మీద గ్రీకులో "నేనే పునరుత్థానమును" అని ఉంది. ఇటలీలో తూరిన్ నగరంలో ఉందది. పాత కప్పను తీసేయకుండానే దాని మీద యేసు మాట రాశారు.

జాన్_నర్సాపురం
కప్ప సంగతి నాకు కొత్త. నా ప్రశ్నకు సగం జవాబు దొరికింది, సగం ఇంకా ఆలోచిస్తున్నాను. అన్య గుర్తును అలా ఉంచేయడం నాకింకా ఇబ్బందిగానే ఉంది. కానీ వాళ్లు ఆలోచించకుండా చేశారని మాత్రం ఇక అనను.

మన తెలుగు బైబిల్లో యేసు చెప్పిన ఉపమానంలో, పెళ్లికొడుకు కోసం ఎదురుచూసే పదిమంది కన్యకల చేతిలో దివిటీలు ఉంటాయి, నూనె సిద్దెల్లో ఉంటుంది. చిన్నప్పటి నుంచి నా ఊహలో పెద్ద కాగడాలే. ఈ ఫోటో చూశాక వత్తి కన్నం ఎంత చిన్నదో, నూనె ఎంత కొంచెం పడుతుందో తెలిసింది. రాత్రంతా ఆగాలంటే వేరే సిద్దె ఎందుకు కావాలో ఇప్పుడు అర్థమవుతోంది.

మరియ_థియాలజీ
జాన్ అన్నా, యేసు కాలపు దీపం ఇంకా సాదా. సారె మీద చేసి, ముక్కు విడిగా అతికించేవారు, బొమ్మలు దాదాపు ఉండవు. సందేశం దీపం మీద రాయడం తర్వాతి శతాబ్దాల పని.

రాత ఒక్క "క్రీస్తు వెలుగు" మాత్రమే కూడా కాదు. కొన్నిటి మీద "మంచి దీపాలు" అనే రాసి ఉంటుంది. కుమ్మరి తన సరుకు గురించి తానే చెప్పుకున్న మాట. దేవమాత పేరు ఉన్నవీ దొరికాయి. అరబ్బుల పాలన వచ్చాక కూడా అచ్చుల పని ఆగలేదు. 8వ శతాబ్దంలో జోర్డాన్‌లోని జెరాష్‌లో అరబ్బీలో కుమ్మరి పేరు, హిజ్రీ సంవత్సరం వేసిన దీపాలు వచ్చాయి.

కిరణ్ గారి దీపం మీద కొమ్మలా ఉన్న గీతల గురించి చెప్పడం మరిచాను. కొందరు దాన్ని ఖర్జూర మట్ట అంటారు, కొందరు దీపవృక్షం అంటారు. ఆ గీతల వల్లే ఈ రకానికి దీపస్తంభం దీపాలని పేరొచ్చింది.

కుమ్మరివీధి_రాజాం
"మంచి దీపాలు" అన్న మాట నాన్నకు చదివి వినిపించాను. సంతోషపడ్డారు.

శాంతి_టెల్అవీవ్
కిరణ్ తమ్ముడూ, వెళ్లొచ్చాను. ఆ దుకాణం పేరు ఇక్కడ రాయను. కానీ ఆ వీధిలో మూడు దుకాణాల్లో నీ దీపం లాంటిదే చూశాను. లాంటిది అంటే అచ్చం అదే. నీ ఫోటోలో ఎడమవైపు అంచు మీద, మూడో అక్షరం పక్కన చిన్న పెచ్చు ఊడినట్టుంది కదా. అన్నిటికీ అదే చోట అదే పెచ్చు. ఒక దుకాణంలో బుట్టలో పాతిక దాకా ఉన్నాయి, 10 డాలర్లకే ఇస్తున్నారు. వేలు తడిచేసి రుద్దితే పైన మట్టి రంగు ఊడొచ్చింది.

నీకు బాధ కలుగుతుందని రాయడానికి రెండు రోజులు ఆలోచించాను.

నాణేల_బాబాయి
ఇక సందేహం లేదు. ఎవరో ఒక అసలు దీపం మీద అచ్చు తీశారు. ఆ అసలు దీపానికి పెచ్చు ఊడి ఉంది, అదీ అచ్చులోకి వచ్చేసింది. పొడవు 8 సెంటీమీటర్లంటే అసలు దాదాపు 9 ఉండేది. రాజాం తమ్ముడు చెప్పిన పదో వంతు ఇదే. మసి లేకపోవడానికి కారణమూ ఇదే.

కిరణ్, మట్టి కొత్తది. అక్షరాలు మాత్రం కొత్తవి కావు. ఆ "ఫేని" ఇవాళ్టి దుకాణదారు కల్పించినది కాదు. 1,400, 1,500 ఏళ్ల కిందట ఎవరో అచ్చు రాయిలో చెక్కిన తప్పు, అచ్చు మీద అచ్చు పడుతూ మీ ఇంటిదాకా వచ్చింది. మరియమ్మ చదివింది అతని చేతిరాతనే.

కిరణ్_గుంటూరు
నిన్న రాత్రి అమ్మకు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. డబ్బు గురించి కాదు, సంఘంలో అందరికీ చూపించిందట, వాళ్లకేం చెప్పాలని. తర్వాత బాబాయి గారి మెసేజ్ చదివి వినిపించాను. "అయితే ఇక వెలిగించొచ్చు కదా" అంది.

వెలిగించొచ్చా?

కుమ్మరివీధి_రాజాం
నిక్షేపంగా. కానీ కొత్త మట్టి, అలాగే పోస్తే నూనె అంతా తాగేస్తుంది, అడుగున చెమర్చి బల్ల పాడవుతుంది. మన దీపావళి ప్రమిదల్లాగే ముందు రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. తీసి నీడన ఆరనివ్వండి, ఎండలో పెట్టొద్దు. పైన పూసిన రంగు ఊడిపోతుంది, పోనివ్వండి. వత్తి లావుగా చేస్తే ఆ కన్నంలో పట్టదు, సన్నగా పేనండి. కన్నంలోకి దూరాక సూదితో పైకి లాగాలి. కింద ఒక పళ్లెం ఉంచడం మరవొద్దు.

తునిస్_డైరీ
నూనె పోసేటప్పుడు సగం కంటే కొంచెం ఎక్కువ చాలు. నిండా పోస్తే వత్తి కన్నంలోంచి కారుతుంది.

కిరణ్_గుంటూరు
క్రిస్మస్ శుభాకాంక్షలు అందరికీ. ఫోటో పెడుతున్నాను. ఒలీవ నూనె కొనబోతే అమ్మ వద్దంది, ఇంట్లో ఉన్న నువ్వుల నూనే పోసింది. రంగంతా నీళ్లలో పోయి దీపం ఎర్రగా తేలింది, అక్షరాలు ఇంకా బాగా కనిపిస్తున్నాయి. వచ్చినవాళ్లందరికీ అమ్మే వేలితో ఒక్కో అక్షరం చూపించి చదివి వినిపించింది, "ఫేని" దగ్గర ఆగి అది ఎందుకలా ఉందో కూడా చెప్పింది. రెండు గంటలు వెలిగింది. పొద్దున తీసి చూస్తే వత్తి కన్నం అంచున నల్లగా మసి పట్టి ఉంది. తుడవబోతే అమ్మ ఒద్దంది.